రెండో ప్రతి లేని దస్త్రాలు

ఏ దేశంలో ప్రభుత్వ సేవలు కంప్యూటర్ల మీద ఎంత బాగా అందుతున్నాయో ఐక్యరాజ్యసమితి రెండేళ్లకోసారి చూసి వరస కడుతుంది. 2010లో ఆ వరసలో మొదట నిలిచింది దక్షిణ కొరియా. 2012లోనూ అదే, 2014లోనూ అదే. తర్వాత కూడా పై మెట్ల మీద నుంచి దిగలేదు. ఆ దేశంలో ఒక ధ్రువపత్రం కావాలంటే కచేరీ వరండాలో పడిగాపులు కాయనక్కర్లేదు. గుర్తింపు కార్డు ఫోనులోనే ఉంటుంది. పన్ను చెల్లింపు, ఇంటి చిరునామా మార్పు, తపాలా పార్సిలు, ఆఖరికి శ్మశానంలో దహనానికి వేళ కేటాయింపు కూడా తెర మీదే జరిగిపోతాయి. ఇలాంటి పాలన ఎలా సాధ్యమైందో చూసి నేర్చుకుందామని ఎన్నో దేశాల అధికారులు అక్కడికి వెళ్లి వచ్చారు.

ఈ వైభవానికంతటికీ ఆయువుపట్టు సోల్‌లో లేదు. దేశం నడిబొడ్డున డేజాన్ నగరంలో ఉంది. ఒక్కో మంత్రిత్వ శాఖ తన కంప్యూటర్లను తాను విడిగా నడుపుకునే పద్ధతి మాన్పించి, అన్నిటినీ ఒకే కప్పు కిందికి తెచ్చే కేంద్రాన్ని 2005లో అక్కడ పెట్టారు. ఆ తర్వాత గ్వాంగ్‌జులో ఒకటి, దేగులో ఒకటి వెలిశాయి. అయినా పెద్దది డేజాన్‌దే. అందులోనే జీ-డ్రైవ్ అనే భాండాగారం ఉండేది. ప్రభుత్వోద్యోగులు తమ పని కాగితాలను దాచుకునే చోటు అది. ఏడున్నర లక్షల మంది ఉద్యోగుల అవసరాన్ని ఉద్దేశించి కట్టారు. మనిషికి 30 గిగాబైట్ల జాగా.

2018లో దాని వాడకం మీద మార్గదర్శకాలు వచ్చాయి. పనిలో భాగంగా తయారైన ఏ ఫైలునూ ఆఫీసు కంప్యూటర్లో ఉంచకూడదు, జీ-డ్రైవ్‌లోనే పెట్టాలి అన్నది వాటి సారం. ఆలోచన చెడ్డదని నేను అనలేను. బల్ల మీది కంప్యూటర్ పాడైతే అందులోని పనంతా మట్టిలో కలుస్తుంది. ఎవరైనా ఎత్తుకుపోతే ప్రభుత్వ రహస్యం బయటపడుతుంది. అధికారి బదిలీ అయితే కొత్తగా వచ్చినవాడు మళ్లీ ఓనమాలు దిద్దుకోవాలి. అన్నీ ఒక్కచోట భద్రంగా ఉంటే ఈ బెంగలేవీ ఉండవు. ఉద్యోగులు నమ్మారు. ముఖ్యంగా ఉద్యోగుల నియామకాలూ శిక్షణా చూసే సిబ్బంది మంత్రిత్వ శాఖ ఆ మాటను శిరసావహించింది. చిన్నా పెద్దా తేడా లేకుండా తన కాగితాలన్నిటినీ అక్కడికే చేర్చింది. ఆ ఒక్కచోటికి మరోచోట నకలు ఉందా అని అడగడం వాళ్ల పని కాదు. ఉండే ఉంటుందని అనుకున్నారు. దేశమే దాస్తున్నప్పుడు ఎవరైనా అలాగే అనుకుంటారు.

2025 సెప్టెంబరు 26, శుక్రవారం. చుసోక్‌కి సరిగ్గా పది రోజులు. కొరియన్లకు అది పంట ఇంటికొచ్చే పండగ, పోయిన పెద్దలకు నైవేద్యాలు పెట్టి సమాధుల దగ్గర మోకరిల్లే పండగ. ఊళ్లకి ప్రయాణాలు, బంధువులకు కానుకల పార్సిళ్లు అప్పటికే జోరందుకున్నాయి. రాత్రి ఎనిమిది దాటి పావుగంట అయ్యేసరికి డేజాన్ కేంద్రం ఐదో అంతస్తులో ఒక బ్యాటరీ నుంచి మంట లేచింది.

కరెంటు పోయినా సర్వర్లు ఆగిపోకుండా కాపాడేందుకు పెట్టిన లిథియం అయాన్ బ్యాటరీలవి. 2014లో బిగించారు. వాటికి ఇచ్చిన పదేళ్ల హామీ గడువు అంతకు ముందటి ఏడాదే తీరిపోయింది. సర్వర్లున్న గదిలోనే అలాంటి బ్యాటరీలు ఉండటం మంచిది కాదని అక్కడి అధికారులకు తెలుసు. తెలిసే, వాటిని విడదీసి భవనం అడుగుకి దించే పని పెట్టుకున్నారు. ఆ పని సాగుతుండగానే, అపాయాన్ని దూరం చేయడానికి చెయ్యి వేసిన చోటే అపాయం పుట్టింది. ఈ కథలో నన్ను ఎక్కువగా కలచివేసేది ఇదే. అక్కడ ఎవరూ నిద్రపోవడం లేదు. ముప్పు ఎక్కడుందో కనిపెట్టారు, దాన్ని తొలగించే రోజు కూడా నిర్ణయించుకున్నారు. ఆ రోజే ఆలస్యమైంది.

లిథియం బ్యాటరీ అంటుకుంటే తన వేడితో తానే రగులుతూ పక్కదాన్ని అంటిస్తుంది. దాన్ని చల్లార్చాలంటే నీళ్లు విరివిగా కావాలి. నీళ్లు కుమ్మరిస్తే పక్కనున్న సర్వర్లు పాడవుతాయి. అగ్నిమాపక సిబ్బంది ఆ రెంటి మధ్యా నలిగిపోయారు. మొత్తం 384 బ్యాటరీలు కాలాయి. మంట పూర్తిగా ఆరేసరికి దాదాపు 22 గంటలు పట్టింది. బయటికి తెచ్చిన బ్యాటరీలను మళ్లీ రాజుకోకుండా నీళ్ల తొట్లలో ముంచి ఉంచారు.

గదిని చల్లబరిచే యంత్రాలు ఆగిపోవడంతో, వేడికి మిగతావీ పాడవకూడదని కేంద్రంలోని యంత్రాలన్నిటినీ నిలిపేశారు. 647 ప్రభుత్వ వ్యవస్థలు ఒక్క రాత్రిలో మూగబోయాయని మొదట ప్రకటించారు. లెక్క తేల్చుకునేసరికి అవి 709 అని తెలిసింది. ఆ సంఖ్య తేలడానికే రోజులు పట్టడంలో ఎంత విషాదం ఉందో చూడండి. ఇంట్లో ఏమేం ఉన్నాయో రాసిపెట్టుకున్న జాబితా కూడా ఇంటితోపాటే చిక్కుకుపోయిందన్నమాట. 96 వ్యవస్థలు నేరుగా మంటల పాలయ్యాయి. తపాలా కార్యాలయాల్లో పండగ పార్సిళ్లు చిక్కుబడ్డాయి. ఫోనులోని గుర్తింపు కార్డు పనిచేయలేదు, జనం పాత ప్లాస్టిక్ కార్డులు వెతుక్కున్నారు. దహన సంస్కారాలకు వేళ కేటాయించే వ్యవస్థ కూడా ఆగిపోయింది. ఆ రోజుల్లో ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఒక్కో దహనశాలకీ విడిగా ఫోన్ చేసి చోటు అడగవలసి వచ్చింది. అధ్యక్షుడు లీ జే మ్యుంగ్ ప్రజలకు క్షమాపణ చెప్పారు.

అయితే అంతవరకూ జరిగినదాన్ని కష్టం అనవచ్చు, వినాశనం అనలేం. ఆగిన వ్యవస్థల్లో చాలావాటికి వేరే చోట నకళ్లు ఉన్నాయి. యంత్రాలు కొత్తవి తెచ్చి, నకళ్లలోంచి తిరిగి నింపి, ఒక్కొక్కటే లేవదీశారు. నెలలు పట్టింది, కానీ లేచాయి. అసలు దెబ్బ అక్టోబరు 1న బయటపడింది. కాలిపోయిన ఆ 96 వ్యవస్థల్లో జీ-డ్రైవ్ ఒకటి. దానికి నకలు లేదు. 858 టెరాబైట్ల సమాచారం, ఏళ్ల తరబడి ఉద్యోగులు ఒక్కో ఫైలుగా పోగేసినది, ఇక తిరిగి రాదు.

ఎందుకు లేదంటే, జీ-డ్రైవ్ చాలా పెద్దది, నెమ్మదిగా నడిచే రకం నిల్వ, దాన్ని బయట మరోచోట నకలు తీయడం కుదరలేదు అని జవాబు వచ్చింది. ఈ జవాబు చదివినప్పుడు నాకు మనసు ఒప్పలేదు. 20 టెరాబైట్ల హార్డ్‌డిస్క్ ఇప్పుడు బజారులో దొరుకుతుంది, ఒక చేతిలో పడుతుంది. అలాంటివి 43 పేరిస్తే 858 టెరాబైట్లు పడతాయి. టేపు మీద దాచాలంటే ఒక్కోదానిలో 18 టెరాబైట్లు పట్టే ఎల్‌టీఓ టేపు క్యాసెట్లు 48 చాలు, ఒక బీరువాలో పడతాయి. పనిచేస్తున్న వ్యవస్థను ఆపకుండా రోజూ నకలు తీయడం డిస్కులు పేర్చినంత తేలిక కాదని నాకూ తెలుసు. రోజూ కాకపోతే నెలకోసారి, అదీ కాకపోతే ఏడాదికోసారి తీసి ఉండవచ్చు. ఏడాది పాతదైన నకలు ఉన్నా, పోయింది ఒక్క ఏడాది పని అయ్యేది. పెద్దది కాబట్టి నకలు లేదనడం నాకు ఎప్పటికీ సమ్మతం కాదు. పెద్దది కాబట్టే ఉండాలి.

మరో దేశంలో జరిగి ఉంటే ఇంతగా బాధ కలిగేది కాదేమో. నకలు ఎందుకు కావాలో ప్రపంచంలో అందరికన్నా బాగా ఎరిగిన జాతి ఇది.

1392 నుంచి కొరియాను ఏలిన జోసన్ రాజవంశం తన చరిత్రను రోజువారీగా రాయించుకుంది. రాజు ఎక్కడుంటే అక్కడ ఒక చరిత్రకారుడు ఉండేవాడు. రాజు మాట్లాడిన ప్రతి మాటా, చేసిన ప్రతి పనీ రాసేవాడు. రాసినది రాజు చూడకూడదు. 1404లో తేజాంగ్ రాజు వేటలో గుర్రం మీద నుంచి పడ్డాడు. లేస్తూనే ఈ సంగతి చరిత్రకారుడికి తెలియనివ్వొద్దని పక్కవాళ్లను హెచ్చరించాడు. రాజు పడిన సంగతీ, తెలియనివ్వొద్దన్న సంగతీ రెండూ గ్రంథంలోకి ఎక్కాయి. రాజు పోయాక ఆ రాతలన్నిటినీ కూర్చి అతని పాలన చరిత్రను తయారుచేసేవారు. అలా 472 సంవత్సరాల చరిత్ర, దాదాపు 5 కోట్ల అక్షరాలు పోగయింది. 1997లో యునెస్కో దాన్ని ప్రపంచ స్మృతి సంపదల్లో చేర్చింది.

అంత జాగ్రత్తగా రాసినదాన్ని వాళ్లు ఒక్కచోట ఉంచలేదు. మొదట రాజధానిలోనూ చుంగ్‌జులోనూ ఉంచారు. సేజాంగ్ రాజు కాలంలో, 1439లో, ఇది చాలదని జాంజు, సంగ్‌జు పట్టణాల్లో మరో రెండు భాండాగారాలు కట్టాలని నిర్ణయించారు. నాలుగు ఊళ్లు, నాలుగు ప్రతులు. వాటిని పెట్టి మరిచిపోలేదు. నియమిత కాలంలో అధికారులు రాజధాని నుంచి వచ్చి, పెట్టెలు తెరిచి, పుస్తకాలను ఎండకీ గాలికీ ఆరబెట్టి, చెమ్మా పురుగూ పట్టలేదని చూసి, మళ్లీ ముద్ర వేసి వెళ్లేవారు. దాచిన నకలు చదవడానికి పనికొస్తుందో లేదో అప్పుడప్పుడూ తెరిచి చూడాలని ఇప్పటి కంప్యూటర్ నిపుణులు గొంతు చించుకుని చెప్పేదీ ఇదే. 1538లో సంగ్‌జు భాండాగారం కాలిపోయింది. పావురాలు పట్టబోయిన పనివాళ్ల దివిటీ అంటుకుని అంతా బూడిదైంది. రాజధాని ప్రతి చూసి మళ్లీ రాయించి సంగ్‌జులో పెట్టారు. 1538లో చేయగలిగిన పని అది.

ఉంచడమే కాదు, చెరపడం కూడా వాళ్లకి తెలుసు. చరిత్ర గ్రంథం పూర్తయ్యాక మొదటి చిత్తు, రెండో చిత్తు మోసుకుని రాజధానికి ఉత్తరాన సెగమ్‌జాంగ్ దగ్గరి వాగుకి వెళ్లేవారు. అక్కడి బండల మీద కూర్చుని ఒక్కో కాగితాన్నీ నీళ్లలో జాడించి సిరా పోయేదాకా కడిగేవారు. తెల్లబడిన కాగితం ఆ పక్కనే ఉన్న కాగితపు కార్ఖానాకు వెళ్లి మళ్లీ కాగితంగా పుట్టేది. కాగితం పొదుపు చేయడం ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం చిత్తులో ఎవరు ఏం రాశారో తెలిసిపోతుంది. 1498లో యన్‌సాన్‌గున్ రాజు హయాంలో అదే జరిగింది. కిమ్ ఇల్ సోన్ అనే చరిత్రకారుడి చిత్తు రాత దర్బారులో బయటపడింది. అతనికి మరణశిక్ష వేశారు. అప్పటికే చనిపోయి ఉన్న అతని గురువు సమాధిని తవ్వి శవం తల నరికారు. ఒక చిత్తుప్రతి చెరగకపోతే ఏమవుతుందో ఆ రాజ్యానికి నెత్తుటితో తెలిసొచ్చింది.

ఇప్పటి కార్యాలయాలకు ఆ విద్య కూడా పట్టుబడలేదు. కంప్యూటర్లో డిలీట్ నొక్కితే ఫైలు పోదు. అది ఎక్కడుందో చెప్పే గుర్తు మాత్రమే పోతుంది, అక్షరాలు డిస్కు మీద అలాగే ఉంటాయి. వాటి మీద మరొకటి రాసి కప్పేస్తేనో, డిస్కును ముక్కలు చేస్తేనో, మొదటి నుంచీ సంకేత లిపిలో దాచి ఆ తాళంచెవిని నాశనం చేస్తేనో గానీ పోయినట్టు కాదు. అమెరికాలో మోర్గన్ స్టాన్లీ అనే పెద్ద ఆర్థిక సంస్థ 2016లో తన పాత డేటా కేంద్రాలు ఖాళీ చేస్తూ, సమాచారం చెరపడంలో అనుభవమే లేని సామాన్ల తరలింపు సంస్థకి ఆ పని అప్పజెప్పింది. ఖాతాదారుల వివరాలు ఉన్న డిస్కులు ఇంటర్నెట్ వేలంలో అమ్ముడుపోయాయి. దాదాపు 1.5 కోట్ల మంది ఖాతాదారుల వివరాలను కాపాడలేకపోయినందుకు ఆ సంస్థ 2022లో 3.5 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. సెగమ్‌జాంగ్ వాగు ఒడ్డున కూర్చున్న గుమస్తా ఆ డిస్కును చేతిలోంచి జారనిచ్చేవాడు కాదు.

మళ్లీ జోసన్ నాలుగు ప్రతుల దగ్గరికి వద్దాం. 1592లో, వేసవి ఇంకా ముదరకముందే, జపాను సేనలు బూసాన్ తీరాన దిగాయి. మూడు వారాలు తిరిగేసరికి రాజధాని పడిపోయింది. రాజు ఉత్తరానికి పారిపోయాడు. రాజధానిలోని చరిత్ర ప్రతి కాలిపోయింది. సంగ్‌జు ప్రతి కాలిపోయింది. చుంగ్‌జు ప్రతి కాలిపోయింది. మిగిలింది నైరుతిన జాంజు ఒక్కటే. శత్రువు అటే వస్తున్నాడు.

అప్పుడు పక్కనున్న తేయిన్ ప్రాంతం నుంచి ఇద్దరు పండితులు బయల్దేరారు. ఆన్ ఉయికి 64 ఏళ్లు. సోన్ హోంగ్ రోక్‌కి 56. వాళ్లు సైనికులు కారు. పనివాళ్లనూ గుర్రాలనూ వెంటబెట్టుకుని జాంజు చేరారు. అక్కడి భాండాగారపు కాపలా అధికారితో కలిసి, పదముగ్గురు రాజుల చరిత్ర ఉన్న పెట్టెలన్నిటినీ నేజాంగ్ కొండల్లోకి ఎక్కించారు. ఒక గుహ దగ్గర దాచారు. అది చాలదనిపించి ఇంకా పైకి, ఇంకా లోపలికి తరలించారు. ఏడాదికి పైగా వంతులు వేసుకుని కాపలా కాశారు. ఏ రాత్రి ఎవరు కాపలా ఉన్నారో కూడా రాసిపెట్టుకున్నారు. కొండ మీద బౌద్ధ సన్యాసులు, ఊరి జనం తోడు నిలిచారు.

ఆ వృద్ధులు మోసిన ఒక్క ప్రతి వల్లే జోసన్ మొదటి పదముగ్గురు రాజుల చరిత్ర ఇవాళ మన చేతికి అందుతోంది. యుద్ధం ముగిశాక, దేశం ఇంకా శిథిలాల్లో ఉండగానే, 1603లో మొదలుపెట్టి 1606 నాటికి దాన్ని మళ్లీ అచ్చు వేశారు. ఈసారి నాలుగు కాదు, ఐదు చోట్ల పెట్టారు. నడిచే దారుల్లో ఉన్న పట్టణాలకు శత్రువు సులువుగా వస్తాడని అర్థమై, రాజధానిది తప్ప మిగతావన్నీ కొండల్లోకీ ద్వీపంలోకీ పంపారు. సన్యాసుల మఠాలకు కాపలా అప్పగించారు. ఆ జాగ్రత్త ఎంత అవసరమో తర్వాతి కాలమే చెప్పింది. రాజధాని ప్రతి 1624 తిరుగుబాటులో కాలింది. ఓదే కొండ ప్రతిని వలస పాలనలో జపానువాళ్లు టోక్యోకి తీసుకుపోతే, అందులో ఎక్కువ భాగం 1923 భూకంపంలో బూడిదైంది. ఇంకొకటి కొరియా యుద్ధంలో ఉత్తరానికి చేరింది. ఇన్ని పోయినా చరిత్ర పోలేదు. మిగిలిన ప్రతులు ఇవాళ సోల్ జాతీయ విశ్వవిద్యాలయంలోనూ, బూసాన్‌లోని జాతీయ దస్త్రాల కేంద్రంలోనూ ఉన్నాయి.

ఆ వారసత్వం ఉన్న దేశానికి హెచ్చరికలు కూడా కరువు కాలేదు. 2022 అక్టోబరు 15న సోల్ దగ్గర పాంగ్యోలో ఒక ప్రైవేటు డేటా కేంద్రంలో మంట లేచింది. అదీ బ్యాటరీల గదిలోనే. దేశమంతా వాడే కకావో అనే సంస్థ సందేశ సేవలు రోజుల తరబడి ఆగిపోయాయి. ప్రభుత్వం ఆ సంస్థను నిలదీసింది. పెద్ద ప్రైవేటు సంస్థలు తమ సమాచారాన్ని రెండు చోట్ల ఉంచుకునేలా ఆ ఏడాది చివర్లోనే చట్టం సవరించారు. ఆ కొలబద్దను ప్రభుత్వం తన మీద అంతే గట్టిగా పెట్టుకోలేదు. 2023 నవంబరులో ప్రభుత్వ నెట్‌వర్కే చతికిలపడి ధ్రువపత్రాల జారీ ఆగిపోయింది. అప్పుడూ విచారణలు జరిగాయి, ప్రణాళికలు రాశారు. మిగతా కేంద్రాలకు అండగా ఉండాల్సిన గోంగ్‌జు కేంద్రం, ఎన్నో ఏళ్ల కిందట తలపెట్టినది, భవనం పూర్తయి కూడా డేజాన్ తగలబడేనాటికి పని మొదలుపెట్టలేదు. ఖర్చుకీ గడువుకీ మధ్య ప్రతి ఏడూ ఏదో ఒక సంఖ్య కొట్టివేతకు గురవుతుంది. నకలు కోసం అడిగే డబ్బు అన్నిటికన్నా తేలికగా కొట్టివేతకు గురవుతుంది, ఎందుకంటే అది లేకపోయినా ఆ రోజుకి ఏమీ జరగదు.

అక్టోబరు 3న, పండగ సెలవుల మొదటి రోజున, పడిపోయిన వ్యవస్థలను నిలబెట్టే పనిలో ఉన్న ఒక సీనియర్ అధికారి సేజాంగ్ నగరంలోని ప్రభుత్వ కార్యాలయాల సముదాయం దగ్గర మరణించాడు. మంట వచ్చిన నాటి నుంచీ ఆ పనిలోనే ఉన్నాడు. అతని మీద ఏ విచారణా లేదని ప్రభుత్వం చెప్పింది. డిస్కుల గురించీ టెరాబైట్ల గురించీ రాసేటప్పుడు ఆ ఇంటిని మరిచిపోకూడదని ఇక్కడ రాస్తున్నాను. నష్టాల పట్టికలో అతన్ని చేర్చే గడి ఏదీ లేదు.

పోయినదేమిటో ఇప్పుడు సరిగ్గా చెప్పుకోవాలి. సంతకాలు పడి ఆమోదం పొందిన దస్త్రాలు ఒన్నారా అనే మరో వ్యవస్థలో ఉన్నాయి. అవి బతికాయి. అంటే సాఫు ప్రతులు మిగిలి, చిత్తులు పోయాయి. జోసన్ గుమస్తాలు వాగులో కడిగిందీ చిత్తులనే కదా, పోతే పోయాయని కొందరు అనవచ్చు. నేను ఒప్పుకోను. వాళ్లు కడిగింది, అంతా చదివి, కావలసినది తీసుకుని, నాలుగు చోట్ల భద్రపరిచిన తర్వాత. ఎప్పుడు చెరపాలో, ఏది చెరపాలో వాళ్లే నిర్ణయించుకున్నారు. డేజాన్‌లో ఆ నిర్ణయం మంట చేసింది. ఒక ఉత్తర్వు రెండు పేజీలు ఉంటుంది. దాని వెనక ఎవరెవరు ఏమడిగారు, ఏ లెక్క తప్పని దిద్దారు, ఏ ప్రతిపాదన వద్దన్నారు, ఎందుకు వద్దన్నారు అన్నది ఇరవై ఫైళ్లలో ఉంటుంది. రేపు అదే సమస్య మళ్లీ వస్తే కొత్త అధికారికి దారి చూపేది ఆ ఇరవై ఫైళ్లే. ఒక ప్రభుత్వం తను ఎలా ఆలోచించిందో తెలిపే రాతలవి. చట్టాలూ గెజెట్లూ ఎన్ని మిగిలినా ఆ లోటు పూడదు.

సిబ్బంది మంత్రిత్వ శాఖలో ఉద్యోగులు ఆ తర్వాత దొరికినచోటల్లా వెతికి పోగేసుకున్నారు. తమ కంప్యూటర్లలో అంతకు ముందటి నెలరోజుల్లో పొరపాటున మిగిలిపోయిన ఫైళ్లు, ఎవరికో పంపిన ఈ-మెయిల్‌కి తగిలించినవి, ఒన్నారాలో ఆమోదానికి వెళ్లినవి, సమావేశం కోసం అచ్చు తీసి సొరుగులో వదిలేసిన కాగితాలు, వీటన్నిటినీ అతికించి పాత పనికి ఓ రూపం తేవాలని చూశారు. జీ-డ్రైవ్‌ను అంతగా వాడని శాఖలకు నష్టం తక్కువగా తగిలింది. కొన్ని కార్యాలయాల్లో ఉద్యోగులు మార్గదర్శకాలు పక్కనపెట్టి తమ కంప్యూటర్లోనే ఫైళ్లు ఉంచుకునే అలవాటు మానుకోలేదు. వాళ్ల పని వాళ్ల దగ్గరే ఉంది. చెప్పినట్టు విని అంతా అక్కడే పెట్టినవాళ్లు, 2018 నుంచి చేసిన పనిని జ్ఞాపకం మీద తిరిగి రాయడానికి కూర్చున్నారు.